మా హార్మోనియానికి మేమే పాడిన పాట

ఫోను తీసి నాలుగు ఫొటోలు కొట్టి, సాయంత్రానికల్లా పాత వస్తువు అమ్మేస్తున్న ఇప్పటి పిల్లల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది. నేను ఆ పని మొదలుపెట్టినప్పుడు కెమెరా ఒకరి దగ్గర, కంప్యూటరు ఒకరి దగ్గర, వస్తువు ఇంకొకరి దగ్గర ఉండేవి. ఆ ముగ్గురి మధ్యా నేను తిరుగుతుండేదాన్ని. అలా తిరిగిన పదేళ్ళలో చాలా అమ్మాను. వాటిలో ఒక్క హార్మోనియం సంగతి మాత్రం అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ కూడా చెబుతుంటాను. ఆ ఒక్క అమ్మకంలోనే చెయ్యకూడని తప్పులు రెండు చేశాం. అయినా పని చేసుకుని బతికినన్నాళ్ళలో అంత సంతోషంగా గడిచిన రోజు నాకు ఇంకోటి లేదు.

నేను వ్యాపారం తెలిసిన మనిషిని కాదు. తెనాలిలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పద్ధెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. రెండు వేల సంవత్సరం దాటాక కంప్యూటర్లు వచ్చి, పొద్దున్నే ఆరింటికి బ్యాచీకి వచ్చే పిల్లలు ఇరవై మంది నుంచి ముగ్గురయ్యారు. ఒక వేసవిలో ఇన్‌స్టిట్యూట్ మూసేశారు. మిషన్లన్నీ తూకానికి వెళ్ళిపోతుంటే చూడలేక, తెలుగు అక్షరాల మిషను ఒక్కటి అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.

మా మిషన్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన రేపల్లె నుంచి నెలకి రెండుసార్లు బండెక్కి వచ్చేవారు. అప్పటికే అరవై దాటినాయన. నేను బాబాయి గారూ అనేదాన్ని, ఆయన అమ్మాయ్ అనేవారు. ఇన్‌స్టిట్యూట్ మూసినా ఆయన రావడం మానలేదు. "అలవాటైపోయిందమ్మాయ్. మంగళవారం వస్తే కాళ్ళు స్టేషనుకే పోతన్నాయి" అన్నారు ఒకసారి. మా ఇంట్లో కాఫీ తాగి, ఆ ఒక్క మిషనుకీ నూనె వేసి వెళ్ళేవారు.

స్టేషన్ రోడ్డులో ఎస్టీడీ బూత్ నడిపిన ఒకాయన దాన్ని ఇంటర్నెట్ సెంటరుగా మార్చాడు. నాకన్నా ఐదారేళ్ళు చిన్న. ఆయనే నాకు ఆన్‌లైన్ వేలంపాటల సంగతి చెప్పాడు. "మీ మిషను పెట్టి చూద్దామండక్కయ్య గారూ, పోయేదేముంది?" అన్నాడు. పెట్టాం. వారం తిరక్కుండా ఎక్కడో ఉత్తరాదిన స్థిరపడ్డ తెలుగాయన ఎగబడి కొనుక్కున్నాడు. చేతికందిన పార్సిల్ చూసి, తెలుగులో ఒక పేజీ నిండా టైపు చేసి పోస్టులో పంపించాడు. అందులో అన్నీ తప్పులే. ఎర్ర పెన్నుతో దిద్ది తిరిగి పంపాను. అదీ నా మొదటి అమ్మకం.

ఆ తర్వాత నేను పాత సామాన్ల వేటలో పడ్డాను. అంగలకుదురులో ఇల్లు పడగొడుతున్నారంటే వెళ్ళేదాన్ని. అమృతలూరులో అటక దులుపుతున్నారంటే వెళ్ళేదాన్ని. పాత కెమెరాలు, ఇంకు పెన్నులు, గోడ గడియారాలు. బాబాయి గారు బాగుచేసేవారు, నేను వివరాలు రాసేదాన్ని, సెంటరాయన ఫొటోలు తీసి ఎక్కించేవాడు.

నేర్చుకున్నదంతా దెబ్బలు తిని నేర్చుకున్నదే. ఒక ఇత్తడి సిరాబుడ్డి దొరికితే, చింతపండు పెట్టి తళతళలాడేలా తోమాను. కొన్నాయన కోపంగా రాశాడు: "నాకు కావలసింది ఆ నలుపే, దాన్ని మీరు ఎందుకు తుడిచేశారు?" అప్పటినుంచి దుమ్ము దులపడం తప్ప పాత వస్తువు ఒంటికి చింతపండు తగలనివ్వలేదు. ఒక గడియారాన్ని గడ్డిలో చుట్టి పంపితే అద్దం ముక్కలై చేరింది. ఆ తర్వాత ఏ పెట్టె కట్టినా చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేదాన్ని. లోపల చప్పుడైతే విప్పి మళ్ళీ కట్టడమే. ఫొటో ఎండలో తియ్యాలి. బాగున్న వైపు ఒకటి తీస్తే, బాగాలేని వైపు రెండు తియ్యాలి. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. తెలిసినవి మర్చిపోవడానికి ఆశ కొంచెం ఉంటే చాలని మాత్రం అప్పటికి తెలీదు.

హార్మోనియం రేపల్లెలో దొరికింది. అక్కడ ఒక నాటక సమాజం ఎప్పుడో ఆగిపోతే, దాని సామాను రైసు మిల్లు గోడౌనులో పడేశారు. మిల్లు గుమాస్తా బాబాయి గారికి తెలిసినవాడు. మేం వెళ్ళేసరికి అట్ట కిరీటాలు, విరిగిన గదలు, చెదలు పట్టిన తెరల మధ్య నల్లటి చెక్కపెట్టె ఒకటి ఉంది. మూత ఎత్తి, కాళ్ళు విప్పి నిలబెడితే హార్మోనియం అయింది. చేత్తో ఊదేది కాదు, కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులతో వాయించేది. పద్య నాటకాలకి స్టేజీ పక్కన పెట్టి వాయించేవారే, అది. దాని మీద వేలెడు మందాన ఊక దుమ్ము ఉంది. గుమాస్తా మేం అడిగిన ధరకే ఒప్పుకుని, పైగా ఒక కిరీటం కూడా ఇచ్చాడు.

బాబాయి గారు దాన్ని మూడు వారాలు బాగుచేశారు. తిత్తికి కొత్త తోలు అతికించారు, తొక్కే పలకలకి పట్టీలు మార్చారు. నలభై దాకా ఉన్న మెట్లని ఒక్కొక్కటీ నొక్కి, వదిలి, మళ్ళీ నొక్కి చూశారు. "అన్నీ దిగుతున్నాయి, అన్నీ లేస్తున్నాయి" అన్నారు గర్వంగా. ఆయన నలభై ఏళ్ళూ టైపు మిషన్లే చూసినవారు. మెట్టు దిగి లేస్తే ఆయన లెక్కలో మిషను బాగున్నట్టే. నాకు సంగీతం అసలు రాదు. ఇద్దరం సంతోషించాం.

వేలానికి పెట్టిన రెండో రోజే బాపట్ల నుంచి ఒకాయన ప్రశ్న పంపాడు. "అన్ని మెట్లూ పలుకుతున్నాయా?" అని. బాబాయి గారు చెప్పినమాటే నేను రాసేశాను. "అన్ని మెట్లూ బాగా పనిచేస్తున్నాయి." ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకోటి. అది నాకు అప్పుడు తట్టలేదు.

వేలం ఆదివారం పొద్దున పదకొండింటికి ముగుస్తుంది. పదింటికే వెళ్ళి సెంటర్లో కూర్చున్నాను. బాబాయి గారు నా వెనక కుర్చీలో ఉన్నారు. సెంటరాయన కౌంటరు దగ్గర ఏదో పనిలో ఉన్నాడు. బాపట్లాయన పాడాడు. కాసేపటికి ఎవరో కొత్తవాళ్ళు ఆయన మీద పాడారు. మళ్ళీ బాపట్లాయన. మళ్ళీ కొత్తవాళ్ళు. ధర పైకి పోతూనే ఉంది. బాబాయి గారు "అమ్మాయ్, ఇది ఆగేటట్టు లేదే!" అంటూ లేచి నిలబడ్డారు. సరిగ్గా పదకొండింటికి కొత్తవాళ్ళ పాట మీద ఆగింది. ఇద్దరం చప్పట్లు కొట్టాం. పక్క క్యాబిన్లో ఉత్తరం రాసుకుంటున్న కాలేజీ అమ్మాయి కూడా ఎందుకో తెలియకుండానే చప్పట్లు కొట్టింది. సెంటరాయన మాత్రం కౌంటరు దగ్గర్నుంచి కదల్లేదు.

ఐదు నిమిషాలకి కొన్నవాళ్ళ పేరు, చిరునామా మెయిల్లో వచ్చాయి. పైకి చదివాను. ఎవరో ఆడమనిషి పేరు. కింద చిరునామా తెనాలి, స్టేషన్ రోడ్డు. ఆ కింద నేను కూర్చున్న ఇంటర్నెట్ సెంటరు పేరు.

"తమ్ముడూ, ఇది నీ అడ్రసు కదా?"

"అవునండక్కయ్య గారూ. ఆ పేరు మా ఆవిడదండి."

"మీ ఆవిడకి హార్మోనియం ఎందుకయ్యా?"

"ఎందుకూ కాదండి. బాపట్లాయన తక్కువకి కొట్టేస్తాడేమోనని... కొంచెం పైకి తోద్దామనుకున్నానండి. ఆఖర్న ఇంకొక్కసారి పాడతాడనుకున్నా. పాడలేదండి."

బాబాయి గారు నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నారు. "అంటే ఏంటి? మన సరుకు మనమే కొనుక్కున్నామా?"

నాకు ముందు ఒళ్ళు మండింది. తర్వాత సెంటరాయన ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. దొంగబుద్ధితో చేసింది కాదు. పెళ్ళిలో మనవాళ్ళ తరఫున గట్టిగా మాట్లాడే బావమరిదిలా చేశాడు. కానీ అవతల ఒక మనిషి, ఎదురుగా నిజంగా ఇంకొకరున్నారని నమ్మి, ప్రతిసారీ తన స్తోమత చూసుకుని మరీ పాడాడు. నిజంగా పాడుతున్నది తానొక్కడే అని ఆయనకి తెలీదు. అది నాకు ముల్లులా గుచ్చుకుంది.

"ఈ పాట రద్దు చేసి వచ్చేవారం మళ్ళీ పెడదామండి, ఎవరికీ తెలీదు" అన్నాడు సెంటరాయన.

"మనకి తెలుసుగా" అన్నారు బాబాయి గారు. "మిషనులో జబ్బుంటే చెప్పి అప్పగించేవాణ్ణి ఇన్నాళ్ళూ. ఇది మిషనులో జబ్బు కాదు, మనలోది. ఇది చెప్పకుండా ఎట్టా?"

ఆ వేలంపాటల సైటువాళ్ళకి జరిగింది జరిగినట్టు రాశాను. పాట రద్దు చేసి, నా పేరు మీద ఒక నల్ల మచ్చ వేసి, బాపట్లాయన ఒప్పుకుంటే న్యాయమైన ధరకి ఇచ్చుకోమన్నారు. తర్వాత బాపట్లాయనకి రాశాను. మా మనిషి దూరకముందు మీరు పాడిన మొదటి ధరకే ఇస్తాం, వద్దంటే మిమ్మల్ని తప్పుబట్టం అని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఒకే ఒక్క వాక్యం వచ్చింది. "తీసుకురండి, విని చెబుతాను."

మరుసటి వారం నేనూ బాబాయి గారూ హార్మోనియం మడతపెట్టి, దుప్పట్లు చుట్టి, తెనాలి స్టేషన్లో పొద్దున ప్యాసింజరు ఎక్కించాం. సెంటరాయన స్టేషను దాకా మోసుకొచ్చాడు. "నేనూ వచ్చి ఆయన కాళ్ళు పట్టుకోమంటారా అక్కయ్య గారూ?" అన్నాడు. "నువ్వొస్తే అక్కడ మళ్ళీ పాట పాడతావు, ఇక్కడే ఉండు" అన్నాను.

మా రైలు పెట్టెలో పదిమంది దాకా ఆడవాళ్ళున్నారు. వేటపాలెం జీడిపప్పు షెడ్లలో పనిచేసేవాళ్ళట. తెనాలిలో పెళ్ళి చూసుకుని ఇంటికి పోతున్నారు. పట్టుచీరలు, తలనిండా పూలు, జీడి పొట్టు నల్లగా అంటిన వేళ్ళు. బండి కదిలిందో లేదో, ఒకావిడ దుప్పటి మీద చెయ్యేసి "ఏంటక్కా ఇది?" అంది. చెప్పాను. అడిగితే వేలంపాట సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. "మీ వస్తువు మీరే పాడుకున్నారా!" అని ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నవ్వి నవ్వి ఒకావిడకి పొలమారింది కూడా.

వాళ్ళలో కొంచెం పెద్దావిడ మాత్రం హార్మోనియం వంకే చూస్తోంది. "మా నాన్న భజనల్లో వాయించేవాడమ్మా. నాకూ కాస్త వచ్చు. విప్పుతారా?"

తలుపు దగ్గర ఖాళీలో విప్పి నిలబెట్టాం. ఆవిడ నిలబడే ఒక కాలితో తొక్కుతూ పెళ్ళికొడుకుని ఆటపట్టించే పాట అందుకుంది. మిగతావాళ్ళు గొంతు కలిపారు. పక్కపెట్టెల్లోంచి కూడా జనం వచ్చారు. బాబాయి గారి ముఖం వెలిగిపోతోంది. రెండో చరణంలో ఆవిడ టక్కున ఆగింది. ఒక మెట్టు మళ్ళీ మళ్ళీ నొక్కింది.

"ఇది మూగది బాబాయ్."

"దిగుతోంది కదమ్మా!" అన్నారు ఆయన.

"దిగితే ఏం లాభం? పలకాలిగా?"

నేను బాబాయి గారి వంకా, ఆయన నా వంకా చూసుకున్నాం. బాపట్లాయన అడిగిన ప్రశ్న నాకు అప్పుడు అర్థమైంది. ఒక అబద్ధానికి క్షమాపణ చెప్పడానికి పోతూ ఇంకో అబద్ధాన్ని దుప్పట్లో చుట్టి పట్టుకుపోతున్నాం.

బాబాయి గారు మాత్రం అప్పటికే స్క్రూడ్రైవరు తీశారు. పైపలక విప్పారు. "లోపల ఏం పలుకుతుందమ్మా?" అని ఆవిడని అడిగారు. ఇత్తడి నాలికలు చూపించి ఆవిడ చెప్పింది, ఆయన శ్రద్ధగా విన్నారు. నా సంచిలో ఉన్న పల్చటి టైపు కాగితం ఒకటి అడిగి తీసుకుని, మూగ నాలిక కిందుగా దూర్చి, మెల్లిగా లాగారు. ఊక ముక్క ఒకటి బయటికి వచ్చింది. రైసు మిల్లు గోడౌను ఊక! ఆవిడ నొక్కింది. పలికింది. పెట్టెలో అందరూ ఒక్కసారిగా కేకపెట్టారు.

ఆ తర్వాత ఆవిడ ఒక్కో మెట్టూ వాయించుకుంటూ వచ్చింది, ఆయన ఒక్కో నాలికా తుడుచుకుంటూ వచ్చారు. ఇంకో రెండు మూగవి దొరికాయి. ఒకటి బాగైంది. అన్నిటికన్నా కింది మెట్టు మాత్రం ఎంత చేసినా బొంగురుగానే ఉండిపోయింది. నేను కాగితం మీద రాసుకున్నాను. కింది మెట్టు బొంగురు, ఈ రెండూ ఇవాళే పలికాయి, మళ్ళీ అలగవచ్చు, కుడివైపు పలక చీలింది, తోలు కొత్తది. అప్పికట్ల దాటేసరికి పేజీ నిండింది. బాపట్లలో దిగుతుంటే ఆ ఆడవాళ్ళే హార్మోనియం అందించారు. "ఆయన కొనకపోతే చెప్పండక్కా, మేమే పాడుకుంటాం!" అని అరిచారు కిటికీల్లోంచి.

బాపట్లాయన పశువుల డాక్టరు. ఇంటి ముందు వరండాలోనే ఆస్పత్రి. మేం వెళ్ళేసరికి రెండు గేదెలు, ఒక దూడ, వాటి మనుషులు వరసలో ఉన్నారు. ఆయన చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డారు. ముఖంలో నవ్వు లేదు.

"మీరేనా అమ్మా?"

"నేనేనండి."

"నేను ప్రతిసారీ మా ఆవిణ్ణి అడిగి పాడానండి. ఇంకొంచెం పెంచనా, ఇంకొంచెం పెంచనా అని. అవతల ఎవరో పెద్ద కళాకారుడున్నాడనుకున్నా. ఓడిపోయానని రెండు రోజులు అన్నం సయించలేదు."

కాగితం తీసి చేతికిచ్చాను. "ఇంకో తప్పు కూడా ఉందండి. మెట్లన్నీ బాగున్నాయని రాశాను, సంగతి తెలుసుకోకుండానే రాశాను. అసలు సంగతి ఇందులో ఉంది."

ఆయన నిలబడే చదివారు. సగానికి వచ్చేసరికి పెదవులు కదిలాయి. చివరికి వచ్చేసరికి పెద్దగా నవ్వేశారు. "మళ్ళీ అలగవచ్చు అంటారేంటండీ! పశువు సంగతి రాసినట్టు రాశారు." లోపలికి కేకేసి మాకు మజ్జిగ తెప్పించారు.

అప్పుడు చెప్పారు. బ్యాంకు గుమాస్తాలు, బడి పంతుళ్ళు, ఆయనా కలిసి ఎనిమిది మంది పద్య నాటకం మొదలుపెట్టారట. ప్రతి ఆదివారం రిహార్సలు. హార్మోనియం అద్దెకి తెచ్చుకోవడం, అది ఇంకొకళ్ళకి కావాల్సి వస్తే మధ్యలో రిహార్సలు ఆపుకోవడం. సొంతానికి ఒకటి ఉండాలని ఏడాదిగా వెతుకుతున్నారు.

వరండాలోనే నిలబెట్టాం. డాక్టరు గారు కూర్చుని తొక్కారు. వేళ్ళు మొదట్లో తడబడి, తర్వాత దారిలో పడ్డాయి. ఆయన పట్టింది నాటకంలో రాజు యుద్ధానికి బయల్దేరేటప్పటి పద్యం వరస. రెండో పాదం ఎత్తుకునే సరికి, దూడని పట్టుకుని నిలబడ్డ రైతు దాని తాడు పక్కాయన చేతిలో పెట్టి ముందుకొచ్చాడు. తలపాగా సర్దుకున్నాడు. ఛాతీ విరిచి, గొంతెత్తి పద్యం అందుకున్నాడు.

ఆ గొంతు వీధి చివరిదాకా వినపడి ఉంటుంది. చివరి పాదం మీద రాగం తీస్తూ తీస్తూ ఎక్కడికో తీసుకుపోయాడు. డాక్టరు గారు కళ్ళు మూసుకుని ఆయన వెంట పరిగెత్తారు. బొంగురు మెట్టు కూడా తగిలింది. అది కూడా యుద్ధంలో భేరీలాగే వినిపించింది. రాగం దిగగానే కాంపౌండరు సిరంజి ఎత్తి పట్టుకుని "వన్స్‌మోర్!" అన్నాడు. గోడవతల ఆగిన రిక్షా ఆయన కూడా "వన్స్‌మోర్!" అన్నాడు. రైతు ఏ మాత్రం మొహమాటపడకుండా మళ్ళీ మొదట్నుంచీ పాడాడు. గేదెలు నెమరు వేయడం ఆపలేదు గానీ, దూడ మాత్రం చెవులు నిక్కబొడుచుకుని విన్నది.

"మీరు ఇన్నాళ్ళూ గేదెల్ని తోలుకొస్తున్నారు గానీ, ఈ సంగతి చెప్పలేదేం బాబాయ్?" అన్నారు డాక్టరు గారు ఊపిరి తీసుకుంటూ.

"మీరడగలేదుగా అండీ. మీరెప్పుడూ పాలెన్ని ఇస్తందనే అడిగారు."

డాక్టరు గారు అనుకున్న మొదటి ధర లెక్కపెట్టి నా చేతిలో పెట్టారు. ఆ ఆదివారం నుంచే రైతుని రిహార్సలుకి రమ్మన్నారు. రాజు వేషం ఆయనకే ఖాయమైందని తర్వాత తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ వేషం వేస్తున్న బ్యాంకాయన "హమ్మయ్య" అన్నాడట.

కొనడం అమ్మడం మీకు నాకన్నా బాగా తెలుసు పిల్లలూ. నేను చెప్పదలచుకున్నవి రెండే. మీ వస్తువుకి మీ వాళ్ళని పాడనివ్వకండి, వాళ్ళు ఎంత ప్రేమగా అడిగినా సరే. తెలియనిదాన్ని తెలియదని రాయండి. కొనేవాడు ఒక ప్రశ్న అడిగితే, రెండుసార్లు చదివి ఆ ప్రశ్నకే జవాబివ్వండి. ఇది మూడోదైంది, ఉంచుకోండి. నా పేరు మీద పడ్డ మచ్చ ఆరు నెలలు ఉంది. ఆ ఆరు నెలల్లో నా దగ్గర కొన్నవాళ్ళు తక్కువే. అయినా ఆ రోజుని వెనక్కి ఇచ్చెయ్యమంటే ఇవ్వను.

మధ్యాహ్నం బండికి బాపట్ల స్టేషనుకి వచ్చాం. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని, బాబాయి గారు చాలాసేపు తన చేతుల వంకే చూసుకున్నారు.

"అమ్మాయ్" అన్నారు చివరికి. "నలభై ఏళ్ళు మిషన్లు బాగుచేశాను. వాటి మీద పరీక్షలు రాశారు, అర్జీలు కొట్టారు, కోర్టు కాగితాలు కొట్టారు. నేను బాగుచేసిన దాని మీద మనిషి పాడటం ఇవాళే విన్నాను."

బండి వచ్చింది, ఎక్కాం. తెనాలిలో దిగి, ఆయన్ని రేపల్లె బండి ఎక్కించాను. కిటికీ పక్కన కూర్చుని వేళ్ళతో ఊచల మీద మెట్లు నొక్కుతూ, రైతు తీసిన రాగాన్ని ఆయన తీస్తున్నారు. శ్రుతి ఎక్కడా కలవలేదు. బండి కదిలినా, పక్కవాళ్ళు తిరిగి చూస్తున్నా ఆయన ఆపలేదు.